అత్తమ్మ విమానంతోనే మాట్లాడేది

పోయిన నెల ఒక మంగళవారం పొద్దున మా అత్తమ్మ పోయింది. నిజామాబాద్‌లో ఆస్పత్రి వార్డులో నర్సు ఆ మాట మా ఆవిడకు చెప్పింది. మా ఆవిడ గుమ్మం దాకా వచ్చి, తలుపు రెక్క పట్టుకుని, ఆ రెక్కకేసి చూస్తూ "అవ్వ పోయింది" అన్నది. తలుపు ఇవతల బెంచీ మీద నేనున్నాను. ఇన్నేళ్లుగా మా ఇంట్లో అత్తమ్మ మాటలు నాకూ, నా మాటలు అత్తమ్మకూ తలుపుల మీదుగా, గోడల మీదుగానే చేరేవి. ఆఖరి కబురు కూడా ఆ దారినే వచ్చింది. ఏడవాల్సిన చోట నాకు ముందు నవ్వొచ్చింది. ఆ తర్వాత వచ్చిన ఏడుపు చాలాసేపు ఆగలేదు.

ఇది చదివి మా మధ్య ఏదో పంచాయితీ ఉందని ఎవరూ అనుకోవద్దు. మా దిక్కు పాతకాలపు అత్తలు అల్లుడికి ఎదురుపడరు. ఎదురుపడితే కొంగు మొహం మీదికి లాక్కుని పక్కకు తప్పుకుంటారు. అల్లుడి పేరు పలకరు, అతను ఉన్న చోట మంచం మీద కూర్చోరు, అతనితో నేరుగా మాట్లాడరు. మా తరానికి వచ్చేసరికి చాలా ఇళ్లలో ఇదంతా సడలింది. అత్తలూ అల్లుళ్లూ పక్కపక్కన కూర్చుని టీవీ చూస్తున్నారు. భీమ్‌గల్ నుంచి వచ్చిన మా అత్తమ్మ మాత్రం ఒక్క మెట్టు కూడా దిగలేదు. మామ పోయాక కూతురి దగ్గరికి వచ్చి, బోధన్‌లో మేమున్న ఇంటి వెనక గదిలో ఉండిపోయింది. ఆ గదికి వేరే తలుపు ఉంది. నేను ముందు తలుపున వస్తే ఆమె వెనక తలుపున వెళ్లిపోయేది. మొదటి మూడేళ్లలో నేను ఆమె మొహం చూసింది పండక్కి ఒకసారి, అదీ సగం. మడమలు మాత్రం రోజూ చూసేవాణ్ని. బజారులో కనబడితే మడమలను బట్టే గుర్తుపట్టేవాణ్ని.

వెనక గదిలో ఆమె పొద్దంతా బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చాటలో తడిపి మెత్తబరిచిన తునికాకు, తంబాకు, దారం ఉండ, కత్తెర. ఆకు మీద రేకు ముక్క పెట్టి కత్తిరించడం, తంబాకు పోయడం, బొటనవేళ్లతో చుట్టడం, మూతి మడిచి దారం కట్టడం అన్నీ చేతులే చేసుకుపోయేవి. కళ్లు వాకిట్లోకి చూస్తుండేవి. కార్ఖానాలో ఆమె బీడీ ఒక్కటి కూడా పక్కన పడేయరని మా ఆవిడ గొప్పగా చెప్పేది. తలుపు వెనక నుంచి వచ్చే కత్తెర చప్పుడే అత్తమ్మ ఇంట్లో ఉందని నాకు గుర్తు.

ఇక నా సంగతి. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటును. తొంభైల మొదట్లో ఏదో ట్రైనింగుకని హైదరాబాద్ పోయినప్పుడు, ఒక మైదానంలో ఒకాయన చేతిలో రేడియో డబ్బా పట్టుకుని, దాని మీది రెండు పుల్లలను బొటనవేళ్లతో కదుపుతూ, మనిషి చేతులు చాచినంత విమానాన్ని ఆకాశంలో పల్టీలు కొట్టిస్తుంటే చూశాను. గంటసేపు తల పైకెత్తి నిలబడ్డందుకు మెడ పట్టేసింది. మెడ రెండు రోజుల్లో వదిలింది, విమానం వదల్లేదు. ఆయన వెంటపడి, వాడిన రేడియో సెట్టు ఒకటి, చిన్న ఇంజను ఒకటి, ఒక ఇంగ్లిష్ పుస్తకం జిరాక్సు సంపాదించుకుని బస్సెక్కాను. రెక్కల కోసం కొన్న పలచటి బాల్సా చెక్కలు ఒళ్లో పెట్టుకుంటే పక్క సీటాయన ముచ్చట మొదలుపెట్టాడు.

"గింత పల్సటి చెక్కతోని ఏం జేస్తరు సారూ?"

"విమానం" అన్నాను. ఆయన తన సంచి ఒళ్లోకి తీసుకుని అవతలికి జరిగి కూర్చున్నాడు.

ముందు గదిలో విమానం కట్టడం మొదలైంది. రెక్కలకు అతికించే రంగు కాగితాన్ని వేడి చేసి సాగదీయాలి కాబట్టి మా ఆవిడ ఇస్త్రీ పెట్టె నా సామాన్లలో కలిసింది. ఇంటికొచ్చిన చుట్టాలు రెక్క మీద కూర్చుంటారేమోనని వాళ్లను వాకిట్లోనే మంచం వేసి కూర్చోబెట్టేవాణ్ని. అన్నిటికంటే పెద్ద తంటా ఆముదంతో వచ్చింది. ఆ ఇంజను తాగేది మిథనాల్ అనే స్పిరిట్టు, దాంట్లో ఆముదం కలపాలి. స్పిరిట్టు హైదరాబాద్ నుంచి వచ్చేది, ఆముదం మాత్రం మా సందు చివరి కిరాణా కొట్టు నుంచి. ఒకే నెలలో మూడో సీసా కొన్నప్పుడు కొట్టాయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"సారూ, గింత తాగినా అయితలేదా? దవాఖానల సూపెట్టుకోరాదుండ్రి."

ఇంట్లో ఇంజను నడిపి చూసిన రోజు ఇల్లంతా ఆముదం పొగ కమ్మింది. వెనక గదిలో కత్తెర చప్పుడు ఆగిపోయింది. "బిడ్డా, మీ ఆయినెకు కడుపుల బాగ లేనట్టున్నది. ఉత్త పెరుగన్నమే పెట్టు" అని తలుపు వెనక నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. తల్లి మాటను తీసేసే ధైర్యం మా ఆవిడకు లేదు. మూడు రోజులు నేను పెరుగన్నమే తిన్నాను.

మొదటిసారి ఎగరేసింది ఊరి బయట చెరకు కోసిన చేనులో. విమానం మన నుంచి దూరంగా పోతున్నంతసేపు ఎడమ ఎడమే, కుడి కుడే. అది మళ్లీ మనకేసి తిరిగిందా, రెండూ తారుమారు. ఈ సంగతి జిరాక్సు పుస్తకంలో రెండో పేజీలోనే ఉంది. నాకు అర్థమైంది మాత్రం విమానం పక్క చేనులో నిలువెత్తు చెరకులోకి దూరాక. అక్కడ చెరకు కొడుతున్న మహారాష్ట్ర కూలీలు "విమాన్ పడ్లం! విమాన్ పడ్లం!" అని అరుస్తూ కొడవళ్లు వదిలేసి పరుగెత్తారు. పెద్ద విమానమే పడిందనుకుని ఒకావిడ పైలట్ కోసం నీళ్ల చెంబు కూడా తెచ్చింది. పైలట్ నేనే కాబట్టి ఆ నీళ్లు నేనే తాగాను.

మధ్యాహ్నం దాకా వెతికినా విమానం దొరకలేదు. చెరకాకులు కోసుకుని మోచేతుల నిండా గీతలతో ఇంటికొచ్చి అరుగు మీద కూలబడ్డాను. సాయంత్రం బడి పిల్లల చప్పుడు తగ్గాక చూస్తే ముందు గది గడప దగ్గర విమానం ఉంది. ముక్కు విరిగింది, ఒక రెక్క వేలాడుతోంది, కానీ మొత్తం ఉంది. పక్కనే చెరకాకు అంటిన తడి అడుగులు వెనక గదిలోకి పోయాయి. ఎట్లా దొరికిందని మా ఆవిడను అడిగితే ఆమె తలుపు దగ్గరికి పోయి అడిగింది. "ఆముదం వాసన పట్టుకోని పొయ్యిన. గదేం పెద్ద పని" అని జవాబొచ్చింది. నేను ఆ తలుపుకు దండం పెట్టాను. కత్తెర చప్పుడు మళ్లీ మొదలైంది.

ఏడాదిలో రెండు విమానాలు కట్టాను, రెండూ విరగ్గొట్టాను. ముక్కలు ప్రతిసారీ గోనె బస్తాలో వేసుకుని సైకిల్ మీద తెచ్చేవాణ్ని. మూడోది కడుతున్నప్పుడు హైదరాబాద్ ఆయన నుంచి ఉత్తరం వచ్చింది. అక్కడ ఒక పాత రన్‌వే మీద కొత్తగా నేర్చుకునేవాళ్లకు విన్యాసాల పోటీ పెడుతున్నారట, నన్ను రమ్మన్నాడు. ఉత్తరం చదివి మా ఆవిడ చీపురు పక్కన పెట్టింది.

"పో. ఈ ఒక్కసారి పో. నేను గూడ వస్త. ఇమానం ఇమానం లెక్కనే తిరిగొస్తే నువ్వు జిందగీ అంత ఎగిరేసుకో, నేనేమనను. బస్తాల తిరిగొచ్చిందా, గా రేడియో డబ్బ తీస్కపొయ్యి బాయిలేస్త. ముందుగది నాకు గావాలె."

మా ఆవిడ అన్నమాట తప్పే మనిషి కాదు. ఆ బావి కూడా మా పెరట్లోనే ఉంది.

ఈ పోటీలో విమానం ఎంత ఎత్తు పోయింది, ఎంత వేగం పోయింది అని చూడరు. ముందే ఇచ్చిన వరసలో, ఇచ్చిన విన్యాసాలు, చెప్పిన చోట చేయాలి. ఒక్కోదానికి పదికి ఇన్ని అని మార్కులు వేస్తారు. రెండు లూపులు అంటే గుండ్రంగా రెండు చుట్లు, రెండోది మొదటిదాని మీదనే పడాలి. తర్వాత రోల్, అంటే నేరుగా పోతూనే రెక్కల మీద ఒక పొర్లు పొర్లడం. రోల్ దగ్గర నాకు చుక్కలు కనబడేవి. సగం పొర్లాక భయమేసి ఆగేవాణ్ని, మిగతా సగం గబుక్కున తిప్పేవాణ్ని. "మొదటి నుంచి చివరిదాకా ఒకే వేగంతో తిరగాలి" అని పుస్తకంలో ఉన్న ముక్కను ఒకరోజు మా ఆవిడకు తెలుగులో చెబుతున్నాను. కత్తెర ఆగింది.

"బిడ్డా, అది బీడీ సుట్టుడే గద. సగంల ఆగితె తంబాకు కారుతది. మొదలువెట్టినంక ఆగద్దు, ఉరుకద్దు. గట్టిగ పడితె ఆకు శిరుగుతది, లూజుగ పడితె సుట్ట నిలువది. మీ ఆయినె బొటనేళ్లు ఎట్ల పడుతుండో నేను సూశిన. కొడవలి వట్టినట్టు పడుతుండు."

మూడేళ్లలో ఆమె నన్ను చూస్తున్నదనే సంగతే నాకు తెలియదు. మర్నాడు తలుపు సందులోంచి ఒక చాట బయటికి జారింది. చాటలో నాలుగు ఆకులు, చిటికెడు తంబాకు, దారం. నేను నెల రోజులు బీడీలు చుట్టడం నేర్చుకున్నాను. నేను చుట్టినవాటిని సాయంత్రం చాటలో పెట్టి గడప దగ్గర వదిలితే, ఆమె పనికొచ్చినవాటిని ఒక పక్కకు, పనికిరానివాటిని ఇంకో పక్కకు జరిపి తిరిగి పంపేది. మొదట్లో పనికొచ్చిన పక్క ఖాళీగా ఉండేది. ఇరవై రోజులయ్యాక అటు ఒకటి కనబడింది. ఆ ఆదివారం ఆకాశంలో నా రోల్ మొదటిసారి ఆగకుండా తిరిగింది.

ఇంకో చిక్కు మిగిలింది. విమానం నుంచి కన్ను తిప్పితే అది ఇక మనది కాదు, కాబట్టి ఎగరేస్తూ చీటీ చూసుకునే వీలు లేదు. పైలట్ భుజం వెనక ఒకరు నిలబడి తర్వాత ఏం చేయాలో చెబుతుండాలి. వాళ్లను కాలర్ అంటారు. ముందు మా కాలేజీ టైపిస్టును నిలబెట్టాను. విమానం పైకి లేవగానే అతను చీటీ సంగతి మరిచి "వారెవ్వా! ఏం పోతుందన్నా!" అనడం తప్ప ఇంకోటి చెప్పలేదు. తర్వాత మా ఆవిడ వచ్చింది. ఆమె చక్కగా చదివేది కానీ, నేను కదల్లేను, మాట్లాడలేను అని పసిగట్టింది.

"లూపు. ఇంకో లూపు. అయింది. ఇగ రోలు. అవుగని, మా చిన్నవ్వ బిడ్డ పెండ్లికి ఎందుకు రాలేదయ్య నువ్వు? ఇప్పుడన్న జెప్పు."

ఆ రోజు మూడో విమానం పెండ్లి ప్రస్తావన దగ్గరే నేలకు తాకింది. అందుకే నాలుగోదాన్ని తొలిసారి ఎగరేసిన పొద్దున నా వెనక ఎవరూ లేరు. అత్తమ్మ చేను గట్టు మీద చాట ఒళ్లో పెట్టుకుని, నాకు వీపు చేసి కూర్చుని ఉంది. కూతురు టిఫిన్ డబ్బా ఇచ్చి రమ్మంటే వచ్చి, ఎందుకో పోలేదు. నేను రెండు లూపులు కొట్టి, తర్వాత ఏమిటో మరిచిపోయి గుండ్రంగా తిప్పుతూ ఉండిపోయాను. అప్పుడు గట్టు మీది నుంచి గొంతు వచ్చింది.

"ఓ ఇమానమా! సకినాలు రెండు అయిపొయ్యినయి. ఇగ బీడీ సుట్టు!"

నాతో మాట్లాడలేదామె. విమానంతో మాట్లాడింది. విమానంతో మాట్లాడకూడదని ఏ కులపెద్దా చెప్పలేదు కదా. వారం తిరిగేసరికి గట్టు మీది నుంచి లేచి నా భుజం వెనక నిలబడింది. ఆలోచిస్తే అత్తమ్మకు అంతకంటే అనుకూలమైన చోటు భూమ్మీద ఇంకోటి లేదు. నా కళ్లు ఆకాశంలో, ఆమె కళ్లు ఆకాశంలో, ఒకరి మొహం ఒకరికి కనబడదు. ఇంజను గాలికి కొంగు ఎగురుతుంటే మొదట్లో పళ్లతో పట్టుకుని చెప్పేది. తర్వాత బీడీల దారంతో కొంగును కొప్పుకు కట్టేసుకుంది.

లూప్‌కు సంక్రాంతికి గుండ్రంగా చుట్టే పిండివంట సకినం పేరు పెట్టింది. సరిగ్గా రాకపోతే "ఇది సకినం గాదు, కోడిగుడ్డు" అనేది. రోల్ బీడీ. విమానం నిట్టనిలువుగా పైకెక్కి, కొసన ఒక్క క్షణం ఆగి, పక్కకు తిరిగి అదే దారిన దిగేదానికి తాడి ఎక్కుడు, అంటే తాటిచెట్టు ఎక్కి దిగడం. పడుకోబెట్టిన ఎనిమిది అంకెకు అద్దాలు, అంటే మామ పెట్టుకున్న కళ్లద్దాలు. ఆమెకు చదువు రాదు కాబట్టి వరసనంతా ఒక అట్టముక్క మీద ముగ్గులా గీసుకుంది. చుక్క పెడితే మొదలు, రెండు చుట్లు, మెలిక తిరిగిన గీత, నిలువు గీత, అద్దాలు, కింద ఇంటి గుర్తు. విమానం దిగడం అంటే ఇల్లు చేరడం.

ఎడమ కుడి అనే మాటే ఆమె నోట రాలేదు. మా చేను తూర్పు పడమరలుగా పొడుగు. "ఓ ఇమానమా, తూర్పుకొసకు పొయ్యి తాడి ఎక్కు" అనేది. వినగా వినగా నాకూ అదే అలవాటైంది. విమానం మనకేసి వచ్చినా, మన నుంచి పోయినా ఎడమ కుడిలు మారతాయి కానీ తూర్పు తూర్పే. ఏడాదిగా నన్ను ముప్పుతిప్పలు పెట్టిన లెక్క ఆమె చేతిలో పది రోజుల్లో తీరిపోయింది. చక్కెర ఫ్యాక్టరీ సైరన్ మోగేలోపు రోజూ రెండుసార్లు ఎగరేసి, రెక్కల మీద పడిన చిమ్నీ బూడిద తుడుచుకుని నేను కాలేజీకి, ఆమె చాట దగ్గరికి పోయేవాళ్లం.

పోటీ రోజు ముగ్గురం పోయాం. విమానం నా చేతిలో, అట్టముక్క అత్తమ్మ చేతిలో, మడిచిన ఖాళీ గోనె బస్తా మా ఆవిడ చంకలో. అక్కడికి దిగేసరికి ఆకాశమంతా మబ్బు. అత్తమ్మ నాలుగు దిక్కులా తిరిగి చూసి, అల్లుడు కాని మగవాళ్లతో ఏ మొహమాటమూ లేదు కాబట్టి నేరుగా జడ్జీల కుర్చీల దగ్గరికి నడిచింది.

"సారూ, ఈడ తూర్పు ఎటున్నది?"

మీసాల పెద్ద జడ్జి కాస్త తడబడి, "తూర్పు మీ వెనకాల అమ్మా. ఈ రన్‌వే ఉత్తర దక్షిణాలు" అన్నాడు.

అత్తమ్మ మొహం నాకు కనబడలేదు కానీ కొంగు కిందికి దిగింది. కూతుర్ని పక్కకు పిలిచింది. "బిడ్డా, దక్షిణం యముని దిక్కు. ఇంటి ఇమానాన్ని గా దిక్కుకు పో అని నా నోటితోని నేను జెప్ప" అన్నది. వరస ప్రకారం తాడి ఎక్కాల్సింది సరిగ్గా దక్షిణం కొసనే. మార్చడానికి అది మా చేను కాదు. నేను పక్కనున్న జెండా స్తంభానికి వినబడేటట్టు "ఎట్లో ఒకట్ల కానియ్యిమని చెప్పు" అన్నాను. ఇంతలో మా వంతు వచ్చింది.

విమానం లేచింది. "ఓ ఇమానమా, సకినం" అని వెనక నుంచి మెల్లగా వినబడింది. సకినం గుండ్రంగా వచ్చింది, రెండోది దాని మీదనే పడింది. "బీడీ సుట్టు." బీడీ మొదలు నుంచి చివరిదాకా ఒకే వేగంతో తిరిగింది. పెద్ద జడ్జి మీసం సవరించుకోవడం ఓరగా కనబడింది. విమానం దక్షిణం కొసకు పోతోంది. నేను మాట కోసం చూస్తున్నాను. వెనక నుంచి మాట రాలేదు. నా చెవి పక్కన ఆమె శ్వాస వినబడుతోంది కానీ యముని దిక్కు పేరు ఎత్తడానికి నోరు రావడం లేదు. అప్పటికే ఆలస్యమైందని నాకు నేనే విమానాన్ని నిలువుగా ఎత్తాను. వేగం చాలలేదు. పైన తిరగాల్సిన చోట అది ఒక రెక్క మీదికి ఒరిగి, గిర్రున తిరుగుతూ కిందికి రాలడం మొదలుపెట్టింది.

నేను ఎటంటే అటు తిప్పాను. ఎంత బిగించి తిప్పితే అంత గట్టిగా అది తిరిగింది. చేతులు కొడవలి పట్టినట్టు బిగుసుకుపోయాయి. మా ఆవిడ చంకలోని బస్తా మడత విప్పే చప్పుడు నాకు స్పష్టంగా వినబడింది.

"కొడుకా! ఏళ్లు లూజు జెయ్! ఇడ్శిపెట్టు కొడుకా!"

నా చెవిలో అరిచింది. నన్నే పిలిచింది. నేను రెండు బొటనవేళ్లు వదిలేశాను. విమానం ఇంకో చుట్టు తిరిగి, తిరగడం ఆపి, ముక్కు కిందికి పెట్టి నేరుగా దిగసాగింది. బీడీ మూతి మడిచినంత మెల్లగా పుల్ల వెనక్కి లాగాను. రన్‌వే కొసనున్న తుమ్మ చెట్ల మీదుగా, కొమ్మలు తాకీ తాకకుండా, అది అడ్డంగా లేచింది. రెండు క్షణాల తర్వాత వెనక నుంచి, కొంగు పళ్లతో పట్టుకున్న గొంతుతో, "ఓ ఇమానమా, అద్దాలు" అని వినబడింది.

అద్దాలు వంకరగా వచ్చాయి కానీ వచ్చాయి. విమానం ఇల్లు చేరింది. పెద్ద జడ్జి కాగితాలు పట్టుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఆవిడ మీకేమవుతారు?"

"మా అత్తమ్మ సార్."

"ఎవరితో మాట్లాడుతున్నారు?"

"విమానంతో సార్."

"మరి మీతో?"

"మాకు మాటల్లేవు సార్."

"అయ్యో, గొడవా?"

"కాదు సార్, మర్యాద."

ఆయన కాగితం మీద ఏదో రాయబోయి ఆగి, వెళ్లిపోయాడు. ఏడుగురిలో మాది ఆరో స్థానం. ఏడో ఆయన విమానం తుమ్మచెట్టు మీదే ఉండిపోయింది. తాడికి సున్నా వచ్చింది, బీడీకి మాత్రం ఎనిమిది. అత్తమ్మ దూరంగా గోడవైపు తిరిగి, గడ్డం దాకా కొంగు లాక్కుని కూర్చుంది. అల్లుణ్ని నలుగురిలో కొడుకా అని పిలిచినందుకు సిగ్గుతో చచ్చిపోతోందని మా ఆవిడ చెప్పింది. ఏం చేయాలో తోచక నేను విమానాన్ని ఎత్తి ఆమెకు వినబడేంత దూరంలో పట్టుకున్నాను. "ఓ ఇమానమా, బీడీకి పదికి ఎనిమిది మార్కులు వచ్చినయట" అన్నాను. ఆమె పద్ధతిలో ఆమెతో మాట్లాడటం నాకదే మొదటిసారి.

గోడ వైపు నుంచి జవాబొచ్చింది. "ఆ రెండు ఏడ రాలిపొయ్యినయో అడుగు."

తిరుగు ప్రయాణంలో బస్సు కిటకిటలాడింది. మా ఆవిడ బస్తాను నడవలో పరిచి దాని మీద కూర్చుంది. ముందు గది సంగతి మళ్లీ ఎత్తలేదు.

ఆ తర్వాత చాలా ఏళ్లు, మోకాళ్లు సహకరించినంత కాలం అత్తమ్మే నా కాలర్. ఏ పోటీకి పోయినా ముందు దిక్కులు అడిగేది. దక్షిణానికి ఆమె ఒక ఉపాయం కనిపెట్టింది, ఆ కొసను "అటు" అనేది, మిగతా మూడు దిక్కులకు మూడు పేర్లూ ఉండేవి. మూడో స్థానం దాకా పోయాం, అంతకు పైకి పోలేదు. కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లు హైదరాబాద్ నుంచి మా ఇంటికొస్తే, తలుపు సందులోంచి వాళ్లకు చాట జారేది. వాళ్లలో ఇద్దరు ముగ్గురు నాకంటే మంచి బీడీలు చుట్టారని ఆమె కూతురితో అనేది, నాకు వినబడేటట్టు. నేను కొత్త విమానం విరగ్గొట్టిన రోజు "పడ్డ ఇమానానికే నేల తెలుస్తది" అని గోడకు చెప్పేది. కూర మాత్రం ఆ రోజు నాకిష్టమైనదే వండించేది.

అయితే కొడుకా అని మళ్లీ ఎన్నడూ పిలవలేదు. ఆ పిలుపు ఇంకోసారి వినాలని నాకు ఎంత ఉండేదో నేను ఎవరితోనూ అనలేదు. ఒకట్రెండు పోటీల్లో కావాలనే విమానాన్ని కాస్త ఒరగనిచ్చానని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. ఆమె గుర్తుపట్టేసింది. "ఓ ఇమానమా, ఏశాలెయ్యకు" అన్నది.

ఆస్పత్రిలో ఆఖరి వారం, కొంగు లాక్కునే శక్తి కూడా ఆమె చేతులకు లేదు. ఆమె లాక్కోలేదు కాబట్టి నేనే మొహం తిప్పుకున్నాను. మంచం పక్కన స్టూలు వేసుకుని, ఆమెకు వీపు చేసి, కిటికీకేసి చూస్తూ కూర్చునేవాణ్ని. రెండో రోజుకు గానీ నాకు తట్టలేదు, ఇది మేము పదేళ్లకు పైగా నిలబడిన పద్ధతే. నేను ముందు, ఆమె నా భుజం వెనక. చెప్పాల్సిన మాట ఒకటి నా దగ్గర చాలా ఏళ్లుగా ఉండిపోయింది. "ఓ కిటికీ" అన్నాను. "అత్తమ్మకు చెప్పు. ఆమె లేకపోతే నేను ఇన్నేళ్లూ బస్తా మోసుకునే తిరిగేవాణ్ని. ఎగరడం నాకు ఆమే నేర్పిందని చెప్పు."

నిద్రపోయిందేమో అనుకున్నాను. అప్పుడు పలచటి గొంతు వచ్చింది. "ఓ ఇమానమా, మీ పైలట్‌కు జెప్పు. ఏడ్సుడు బందు జెయ్యుమను. కండ్లల్ల నీళ్లుంటె తూర్పు కానరాదు." నేను ఇంకో మాట కోసం కూర్చున్నాను. అది రాలేదు. వెనక ఆమె శ్వాస మాత్రం వినబడుతూ ఉంది.

దినాలు జరిగినన్నాళ్లు మా వాకిట్లో ముగ్గు లేదు. అన్నీ అయిపోయిన మర్నాడు పొద్దున తలుపు తీసేసరికి మా ఆవిడ వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, ముగ్గు పెట్టి లోపలికి పోయింది. ఎప్పుడూ పెట్టే ముగ్గు కాదు. అవ్వ చాటలో దొరికిన అట్టముక్కను చూసి పెట్టింది. ఒక చుక్క, ఒకదాని మీద ఒకటిగా రెండు చుట్లు, మెలిక తిరిగిన గీత, నిలువు గీత, అద్దాలు, కింద ఇల్లు. నేను గడప మీద నిలబడి చూస్తుంటే నా బొటనవేళ్లు వాటంతటవే కదిలాయి. సకినం, ఇంకో సకినం. బీడీ ఆగకుండా తిరిగింది. నిలువు గీత దగ్గరికి వచ్చేసరికి రెండు పిడికిళ్లూ బిగుసుకుపోయాయి. వెనక నుంచి ఏదో ఒక మాట వస్తుందని నిలబడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు. ఇంకాసేపు చూసి, వేళ్లు నేనే వదులు చేసుకున్నాను.